మూడో పిలుపుదాకా పలకొద్దు: చెవులతో వినే దెయ్యం కథల మీద మాట్లాడుకుందాం

గోదారిగట్టు · శుక్రవారం, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా అడగాలనుకుంటున్న సంగతి ఇది. హారర్ సినిమాలకు నేను పెద్దగా భయపడను. హాల్లో పక్కవాళ్ళు కళ్ళు మూసుకుంటుంటే పాప్‌కార్న్ తింటూ కూర్చునే రకం. అలాంటివాణ్ణి పోయిన నెల ఒక పాడ్‌కాస్ట్ విని, రెండు రాత్రులు బాత్రూమ్ లైటు ఆర్పకుండా పడుకున్నాను.

విన్నది 'ది మాగ్నస్ ఆర్కైవ్స్'. రస్టీ క్విల్ అనే బ్రిటిష్ సంస్థ 2016లో మొదలుపెట్టి 2021లో 200 ఎపిసోడ్లతో ముగించింది. రాసింది జొనాథన్ సిమ్స్, ప్రధాన పాత్రకు గొంతూ ఆయనదే, పాత్రకు పేరూ అదే. జనానికి ఎదురైన వింత అనుభవాలను వాంగ్మూలాలుగా రాయించుకుని దాచే సంస్థ ఒకటి లండన్‌లో ఉంటుంది. దాని రికార్డు గదికి కొత్తగా వచ్చిన అధికారి పాత కాగితాలు బయటికి తీసి, టేప్ రికార్డర్ నొక్కి, ఒక్కొక్కటే చదువుతుంటాడు. కంప్యూటర్‌లో రికార్డు చేయబోతే కొన్ని వాంగ్మూలాలు పాడైపోతుంటాయి, అందుకని టేపు.

మొదటి ఎపిసోడ్ ఎడిన్‌బరోలో జరుగుతుంది. రాత్రిపూట తాగి ఇంటికి పోతున్న కుర్రాడికి ఒక సందు చీకట్లోంచి "సిగరెట్ ఉందా?" అని గొంతు వినిపిస్తుంది. చూస్తే ఎవరో నిలబడి, కొద్దిగా ఊగుతున్నారు. మళ్ళీ అదే మాట, అదే స్వరంలో, ఏ మార్పూ లేకుండా. అరుపుల్లేవు, రక్తం లేదు.

ఆఖరి మెట్రో దిగి నడుస్తూ విన్నాను. మా సందు మొదట్లో ఇస్త్రీ బండి ఉంటుంది. రాత్రిళ్ళు దానిమీద నీలం పట్టా కప్పి తాడుతో కట్టేసి పోతారు. సరిగ్గా ఆ పట్టా పక్కనుంచి ఎవరో "అన్నా, అగ్గిపెట్టె ఉందా?" అన్నారు. నోట మాట రాలేదు. వెనక్కి తిరక్కుండా గదిదాకా పరిగెత్తాను. మర్నాడు తెలిసింది, ఎదురు అపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన వాచ్‌మన్ అట.

కంటికి భయపడనివాణ్ణి చెవికి ఎందుకు ఇంతలా భయపడ్డాను? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

శబ్దభేది · శనివారం, ఉదయం 7:15

జరిగింది, జరుగుతూనే ఉంది. నేను కృష్ణానగర్‌లో సౌండ్ పని చేస్తాను, డబ్బింగ్, ఫోలీ (సినిమాలో అడుగులు, తలుపుల్లాంటి చప్పుళ్ళు స్టూడియోలో మళ్ళీ చేయడం) రెండూ. పన్నెండేళ్ళుగా చప్పుళ్ళు తయారుచేయడమే నా తిండి. అయినా రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌తో హారర్ నాటకం వింటే ఒక చెవి తీసేస్తాను.

సినిమాలో దెయ్యాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూపించాలి. చూపించిన క్షణం నుంచి అది మేకప్, లెన్సులు, గ్రాఫిక్స్ అయిపోతుంది. మన మెదడు లెక్కలు కట్టడం మొదలుపెడుతుంది. శబ్దంలో ఆ అవకాశమే ఇవ్వరు. "సందులో ఎవరో ఊగుతున్నారు" అని చెబుతారు, ఆ సందు మీరే కట్టుకోవాలి. మీరు ఎడిన్‌బరో చూశారా? లేదు కదా. అందుకని మీ ఇస్త్రీ బండిని తెచ్చి పెట్టుకున్నారు. కథ మీ ఇంటి సరుకుతో మీ వీధిలోనే తయారైంది. దాన్నుంచి బయటికి రావాలంటే ఎక్కడికి వస్తారు? ఉన్నదే అక్కడ.

ఇంకొకటి హెడ్‌ఫోన్స్. స్పీకర్‌లో వింటే గొంతు గదిలో ఎక్కడో ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అది మన తల లోపల ఉంటుంది. మైకుకు బాగా దగ్గరగా మాట్లాడితే గొంతులో కింది స్వరాలు పెరుగుతాయి. బయట మనుషులు మనతో అంత దగ్గరగా మాట్లాడేది రెండే సందర్భాల్లో, ప్రేమగా గానీ బెదిరించడానికి గానీ.

పాతరేడియో · శనివారం, ఉదయం 9:40

బాబూ గోదారిగట్టూ, నాకు డెబ్భై దాటాయి. రిటైరైన తెలుగు మాస్టారిని. మీరు పాడ్‌కాస్ట్ అంటున్నది నాకు కొత్త వస్తువేమీ కాదు. ఆదివారం మధ్యాహ్నం ఆకాశవాణి విజయవాడ నాటకం వస్తుందంటే మా వీధిలో రేడియో ఉన్న కరణంగారి అరుగు నిండిపోయేది. సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమాను కూడా చెవులతోనే చూసినవాళ్ళం మేము. కథానాయిక చీర రంగు గురించి నేనూ మా తమ్ముడూ కొట్టుకున్నాం. ఇద్దరం విన్నది ఒకటే, చూసింది వేరు.

ఇక దెయ్యాల మాట. మన దెయ్యాలు ముందునుంచీ చెవి దెయ్యాలే అనిపిస్తుంది నాకు. గజ్జెల చప్పుడు, కుక్క ఏడుపు, ఎవరూ లేని చోట తలుపు గొళ్ళెం. అన్నిటికంటే మా నాయనమ్మ చెప్పిన దెయ్యం ఒకటుంది. అర్ధరాత్రి బయటినుంచి అయినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తుంది. ఒకసారి పిలిస్తే పలకకూడదు. రెండోసారీ పలకకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు, దెయ్యానికి మూడోసారి పిలిచే శక్తి లేదు. మాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మే పెరట్లోంచి పిలిచినా లెక్కపెట్టుకుని గానీ పలికేవాళ్ళం కాదు, దెబ్బలు తిన్నాం కూడా.

నాయనమ్మ కథ చెప్పేటప్పుడు మేము ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయామని ఆమెకు తెలిసేది, కథ అక్కడికి ఆపేసేది. మా మనవరాలు నాకు చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చి ఒక కథ వినిపించింది. బాగుంది. కానీ మధ్యలో ఒక సంగతి తట్టి నా చేతులు చల్లబడ్డాయి. ఈ కథ చెబుతున్నాయనకు నా ఊ అక్కర్లేదు. నేను నిద్రపోయినా ఆపడు. నేను లేకపోయినా ఆ గదిలో చెబుతూనే ఉంటాడు.

మినపసున్ని · శనివారం, మధ్యాహ్నం 1:05

మాస్టారూ, మీ చివరి నాలుగు వాక్యాలు పట్టపగలు చదివాను కాబట్టి సరిపోయింది!

నేను వైజాగ్‌లో డిగ్రీ. మాగ్నస్ రెండుసార్లు పూర్తిగా విన్నాను. అందులో భయాలకు ఒక్కోదానికి ఒక్కో సామ్రాజ్యం ఉంటుంది. చీకటి, ఒంటరితనం, మట్టిలో కూరుకుపోవడం, ఎవరో గమనిస్తుండటం, అలా. విన్నవాళ్ళు కలిస్తే మొదట అడిగేది "నీది ఏది?" అని. నాది మట్టి. లిఫ్ట్ ఆగిపోతే నాకు ఊపిరాడదు, అందుకు. ఆ ఎపిసోడ్లు విన్నాకే నా భయానికి ఒక పేరు దొరికింది. ఇంట్లో చెబితే "అదేం భయమే, మెట్లెక్కి రా" అనేవాళ్ళు.

'వెల్‌కమ్ టు నైట్ వేల్' ఎవరైనా విన్నారా? 2012లో మొదలైంది. ఎడారిలో ఒక చిన్న ఊరి రేడియో బులెటిన్‌లా నడుస్తుంది. ఊళ్ళో కొత్త డాగ్ పార్క్ కట్టారు, అందులోకి ఎవరూ వెళ్ళకండి, అటు చూడకండి, అని వార్తలు చదివినంత నింపాదిగా చెబుతాడు. ప్రాంతీయ వార్తలు చదివే గొంతుతో మన ఊరి గురించి అలా చెబితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తెలుగులో మాత్రం నేను విన్నవి చాలావరకు నిరాశపరిచాయి. ఒక ఆడియో యాప్‌కి డబ్బులు కట్టి మరీ సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాను. ప్రతి కథలో మొదటి నిమిషం నుంచి చివరిదాకా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. చెప్పేవాళ్ళు "భయంకరమైన", "ఒళ్ళు గగుర్పొడిచే" అని ప్రతి వాక్యానికీ ముందే హెచ్చరిస్తారు. ఆమె తలుపు తీయబోతుంటే, నిజంగా నా గుండె కొట్టుకుంటుంటే, సరిగ్గా అప్పుడు ఇన్సూరెన్స్ ప్రకటన. డబ్బులు కట్టినా ప్రకటనలేంటని రాస్తే జవాబు లేదు. బాధేసింది, కథ బాగుంది కాబట్టి ఇంకా బాధేసింది.

రాత్రిడ్యూటీ · శనివారం, మధ్యాహ్నం 3:30

అందరూ ఇష్టమని రాస్తున్నారు. నాకు ఇష్టం లేదు, ఎందుకో చెబుతాను. తప్పుగా అనుకోవద్దు.

నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నెలలో పదిహేను రాత్రులు డ్యూటీ. రాత్రి రెండు గంటలకు వార్డులో ఉండే నిశ్శబ్దం మీకు తెలియదు. అది నిశ్శబ్దం కూడా కాదు. మానిటర్ల బీప్, ఆక్సిజన్ బుడగలు, ఎక్కడో ట్రాలీ చక్రం. ఆ చప్పుళ్ళు మారకుండా ఉన్నంతసేపూ మా ప్రాణం కుదురుగా ఉంటుంది. ఏదైనా ఒకటి మారిందంటే పరుగే. మా చెవులు జీతానికి భయపడతాయి అనుకోండి. ఇంటికొచ్చాక మళ్ళీ భయాన్ని కొని తెచ్చుకోవడం నా వల్ల కాదు.

కొలీగ్ ఒకమ్మాయి పంపితే ఒక కథ పెట్టాను. ఆసుపత్రి కథ. అందులో మానిటర్ శబ్దం సాగి ఒకే గీతగా మారింది. నేను మంచం మీంచి లేచి నిలబడ్డాను, చెప్పుల కోసం వెతుకుతున్నాను. అరనిమిషం తర్వాత గానీ ఇంట్లో ఉన్నానని తెలియలేదు. తీసేశాను. అది వినోదమా?

గోదారిగట్టు · శనివారం, సాయంత్రం 6:10

అక్కా, తప్పుగా ఎందుకు అనుకుంటాం. నిజానికి నా ప్రశ్నకు సగం జవాబు మీ దగ్గరే దొరికింది. నేను కన్ను మూసుకోగలను, చెవి మూసుకోలేను. నిద్రలో కూడా అది కాపలా కాస్తూనే ఉంటుంది. మీ చెవి అసలు కాపలాలో ఉంది, నాది ఉత్తుత్తి కాపలాలో. నాకు అందుకే అది సరదా అయి ఉంటుంది, మీకు అందుకే కాదు.

ఖరగ్‌పూర్ శ్రీను · శనివారం, రాత్రి 10:22

మా తాత రైల్వేలో పనికోసం శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. మేం మూడో తరం. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, ఆఫీసులో హిందీ.

ఇక్కడ 'సండే సస్పెన్స్' అని ఒకటుంది. కోల్‌కతా రేడియో మిర్చిలో 2009లో మొదలైంది. చాలా ఏళ్ళు మీర్ అనే రేడియో జాకీ గొంతు దానికి గుర్తు. ఇప్పుడు యూట్యూబ్‌లో కూడా వింటారు. దాన్ని యువకులు చెవుల్లో పెట్టుకుని ఒంటరిగా వినే వస్తువుగా చూడకండి. ఆదివారం చేపల పులుసు తిని, ఇంటిల్లిపాదీ పడక మీద అడ్డదిడ్డంగా వాలి వింటారు. మా పక్కింటి పెద్దావిడ వింటూ వింటూ కాళ్ళు పైకి మడుచుకునేది, మంచం కింద ఏదో ఉన్నట్టు.

వాళ్ళు చేసిన తెలివైన పని ఏమిటంటే, కథలు కొత్తగా పుట్టించాలని తాపత్రయపడలేదు. సాహిత్యంలోంచి తీసుకున్నారు. సత్యజిత్ రాయ్ కథలు, బిభూతిభూషణ్ రాసిన తారానాథ్ అనే తాంత్రికుడి కథలు, పెద్ద రచయితలు శ్రద్ధగా రాసినవి. వాక్యం బాగుంటుంది కాబట్టి చదివేవాడు అరవక్కర్లేదు. వర్షం పడుతుంది, ఎడ్లబండి పోతుంది, ఒకాయన కథ చెబుతాడు. మన పత్రికల్లో ఏళ్ళ తరబడి వచ్చిన కథల్లో ఇలాంటివి లేవా? ఉన్నాయి. చదివి వినిపించే ఓపిక కావాలి. నేను బెంగాలీలో భయపడుతున్నాను. నా భాషలో భయపడాలని ఉంది.

ఓరుగల్లు_విను · ఆదివారం, ఉదయం 8:00

ఈ చర్చ స్క్రీన్ రీడర్‌తో వింటున్నాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. వరంగల్‌లో బ్యాంకు ఉద్యోగం.

దెయ్యం సినిమాకు స్నేహితులతో పోతే నాకు వినిపించేది వయొలిన్లు, ఆ తర్వాత హాలంతా ఒక్కసారి అరవడం. "ఏమైందిరా?" అని అడగాలి. వాడు చెప్పేలోపు భయం అయిపోతుంది, చల్లారిన టీ అందుకున్నట్టు ఉంటుంది. ఆడియో నాటకంలో నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. అందరం ఒకే బెంచీ మీద కూర్చున్నట్టు. హారర్‌లో నాకు దొరికిన మొదటి సమానత్వం అది, ఇంత పెద్ద మాట కావాలనే వాడుతున్నాను.

అయితే రాసేవాళ్ళకు ఒక మాట. "కటిక చీకటి" అంటే నాకు ఏమీ కాదు. చీకటి మీద ఆధారపడిన కథ నన్ను తాకదు. నన్ను భయపెట్టేవి వేరు. తెలిసిన చప్పుడు తప్పు చోట వినిపించడం. మా వంటింటి గట్టు ఎడమవైపు ఉంది. స్టీలు గ్లాసు పెట్టిన చప్పుడు కుడివైపు నుంచి వస్తే? అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగాక, ఇంకా ఏదో తిరుగుతున్నట్టు గాలి కదిలితే? అన్నిటికంటే ఎక్కువ, గదిలో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, పలకరిస్తే మాట్లాడడు. ఇది మాకు నిజంగా జరుగుతుంది. ఆటపట్టించడానికి కొందరు చేస్తారు. ఊపిరి వినిపిస్తుంది, బట్టల గరగర వినిపిస్తుంది, "ఎవరు?" అంటే జవాబుండదు. ఈ ఒక్కదానితో మంచి నాటకం రాయొచ్చు.

మినపసున్ని గారు చెప్పిన మ్యూజిక్ గురించి నాదీ అదే గోడు. సంగీతం మీకు మూడ్. నాకు అది గుడ్డ కప్పినట్టు. దాని కింద అడుగులు ఎటు పోతున్నాయో తెలియదు.

శబ్దభేది · ఆదివారం, మధ్యాహ్నం 2:45

విను గారూ, మీ పోస్టును ప్రింట్ తీసి స్టూడియో గోడకు అంటించుకుంటాను. పెర్మిషన్ ఇవ్వండి.

ఈ రోజు సెలవు, కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఈ విద్యకు మూలం 1930ల అమెరికన్ రేడియో. షికాగోలో విల్లిస్ కూపర్ అనే ఆయన 1934లో 'లైట్స్ అవుట్' మొదలుపెట్టాడు, అర్ధరాత్రి పూట. 1936లో ఆర్చ్ ఒబోలర్ చేతికి వచ్చింది. నెత్తురు కనబడని చోట నెత్తురు ఎలా వినిపించాలో వాళ్ళు కూరగాయల బుట్టలో వెతికారు. ఎముకలు విరగాలంటే మాంసం కొట్టులోని పక్కటెముకలు పానాతో విరిచేవాళ్ళు. తల పగలాలంటే క్యాబేజీ. కరెంటు కుర్చీలో మనిషి కాలాలంటే పెనంలో పంది మాంసం వేయించేవాళ్ళు. మనిషి లోపలిది బయటికి తిరగబడే కథ ఒకటుంది, దానికి తడి రబ్బరు గ్లవ్స్‌ని తిరగేసి లాగుతూ పళ్ళబుట్టను నలిపారు. నేను కూడా తడి గ్లవ్స్‌తో చేసి చూశాను. పక్క గదిలో మా ఆవిడ వచ్చి తలుపు కొట్టింది, "ఏం చేస్తున్నారు లోపల?" అని.

కానీ నాకు అంతకన్నా ఎక్కువ నచ్చింది అదే కూపర్ పదేళ్ళు దాటాక చేసిన 'క్వయట్, ప్లీజ్', 1947 నుంచి 1949 దాకా. పేరే అది. మొదట ఒక గొంతు "నిశ్శబ్దం, దయచేసి" అంటుంది. తర్వాత కొన్ని సెకన్లపాటు ఏమీ ఉండదు. మళ్ళీ "నిశ్శబ్దం, దయచేసి". అప్పుడు కథ. రేడియోలో ఏమీ వినిపించకుండా ఖాళీ వదలడమంటే ఆ రోజుల్లో ఎంత తెగింపో ఆలోచించండి. కథ చెప్పే ఎర్నెస్ట్ చాపెల్ నటిస్తున్నట్టే ఉండదు. నూనె బావి మీద పనిచేసిన ఒకాయన మనల్ని ఇంటికి పిలిచి, కూర్చోబెట్టి, మా ఆవిడ వస్తుంది ఉండండి అంటూ పాత సంగతి చెబుతాడు. 1948లో వచ్చిన ఆ భాగం వినండి, ముగింపు నేను చెప్పను. వినేవాణ్ణి అతిథిని చేశాడు కూపర్. మాస్టారు చెప్పిన ఊ ఉంది చూశారూ, దాన్ని మననుంచి దొంగిలించి కథలో పెట్టాడు.

ఇక మనవైపు. పోయిన ఏడాది సొంతంగా గజ్జెలతో ఒక పరీక్ష చేశాను. మా చెల్లి పట్టీలు పెట్టుకుని వరండాలో నడిచింది, రెండు మైకులు మనిషి చెవులంత దూరంలో పెట్టి తీశాను. చప్పుడు ఒక చెవికీ ఇంకో చెవికీ చేరడానికి తేడా మిల్లీసెకను కూడా ఉండదు, అయినా మెదడు దాన్నిబట్టే దిక్కు చెబుతుంది. ముందా వెనకా అన్నది మాత్రం ఇలాంటి రికార్డింగ్‌లో తేలిగ్గా తడబడుతుంది, ముందు తీసినది వెనకనుంచి వచ్చినట్టు ఉంటుంది. మన పనికి అది వరమే. దూరంనుంచి పన్నెండు అడుగులు, దగ్గరికి వచ్చి ఆగింది. వింటే ఏమీ అనిపించలేదు. వచ్చింది, ఆగింది, అయిపోయింది. తర్వాత పన్నెండో అడుగు కోసేశాను. పదకొండో అడుగుతో చప్పుడు లేకుండా పోయింది. ఒక కాలు ఇంకా గాల్లోనే ఉన్నట్టు! ఎవరికి వినిపించినా పక్కకు తల తిప్పి చూశారు.

మినపసున్ని · ఆదివారం, సాయంత్రం 4:20

అంగారక గ్రహం వాళ్ళు దాడి చేశారని వార్తల్లా చెప్పిన రేడియో నాటకం 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' గురించి ఎవరూ ఎత్తలేదేంటి? రేడియో విని అమెరికా అంతా రోడ్ల మీదికి పరిగెత్తిందట కదా.

పాతరేడియో · ఆదివారం, సాయంత్రం 5:00

అమ్మాయీ, 1938 అక్టోబర్ 30 నాటి సంగతి అది, ఆర్సన్ వెల్స్ నాటకం. కొందరు నిజమని నమ్మి భయపడ్డారు, అది నిజమే. అమెరికా అంతా పరిగెత్తిందన్నది మర్నాటి పత్రికలు పెంచిన కథ. అసలు ఆ నాటకం వినిపించుకున్నవాళ్ళే తక్కువ.

నాకు గొప్పగా తోచేది ఆ పరుగులు కాదు. విలేకరి పాత్ర పొలంలో నిలబడి కళ్ళముందు జరిగేది చెబుతుంటాడు, మాట మధ్యలో తెగిపోతుంది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ పాత్ర వేసిన నటుడు ముందు ఏడాది హిండెన్‌బర్గ్ అనే గాలి ఓడ (ఎయిర్‌షిప్) కాలిపోయినప్పుడు నిజం విలేకరి ఏడుస్తూ చెప్పిన రికార్డు విని గొంతు సరిచేసుకున్నాడట. శబ్దభేది కోసేసిన పన్నెండో అడుగు, ఈ తెగిన మాట ఒకటే కదూ?

రాత్రిడ్యూటీ · సోమవారం, ఉదయం 10:15

డ్యూటీ దిగి వచ్చాను. విను గారి పోస్టు చదివాక, మాగ్నస్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. పగలు, తలుపు తీసి, బెండకాయలు తరుగుతూ. మొత్తం విన్నాను. కత్తి ఒక్కచోట ఆగింది.

ఒకటి అర్థమైంది. చదవడం అయిపోయాక అతను కాగితం పక్కన పెట్టి, ఇది ఎంతవరకు నిజమో, ఎవర్ని విచారించామో చెప్పి టేప్ ఆపుతాడు. ఆ చప్పుడుతో నా భుజాలు కిందికి దిగాయి. మా వార్డులో ఏ రాత్రీ అలా టక్కున ఆగదు. హ్యాండోవర్ ఇచ్చి వచ్చినా ఆ పేషెంటు బీపీ నాతోనే బస్సెక్కుతుంది. ఆపగలిగిన భయం ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను.

ఆసుపత్రి కథలు మాత్రం ఇప్పటికీ వినను. ఎవరైనా రాస్తే మొదట్లోనే చెప్పండి, దయచేసి.

శబ్దభేది · సోమవారం, రాత్రి 9:30

అక్కా, మాట ఇస్తున్నాను, చెబుతాం.

చెబుతాం అని ఎందుకన్నానంటే, మనం ఒకటి చేద్దాం. ఎనిమిది నిమిషాలు, చిన్నది. మాస్టారు చెప్పిన మూడు పిలుపుల దెయ్యమే కథ. రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. కొరివి దెయ్యం కంటికి పుట్టింది, పొలంలో నిప్పు కదలాలి, ఊరికే వింటే పస లేదు. ఇది చెవికే పుట్టింది. బొమ్మ పెడితే చచ్చిపోతుంది. గోడల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులు నాకు కొద్దిగా గుర్తు, దాని భయమూ అయినవాళ్ళ గొంతుతో పిలవడమే.

సంగీతం ఉండదు. ఇల్లు విను గారు చెప్పినట్టే, ఏ వస్తువు ఎటువైపో ముందే గీసుకుని ఒక్కటి మాత్రం తప్పు చోట పెడదాం. మాస్టారూ, కథ చెప్పే గొంతు మీది. చదవొద్దు, చెప్పండి. దుప్పటి కప్పుకుని ఫోన్‌లో రికార్డు చేసినా చాలు, ఫ్యాన్ మాత్రం ఆపాలి.

పాతరేడియో · సోమవారం, రాత్రి 9:52

ఫ్యాన్ ఆపాను. మనవరాలు ఫోన్ పట్టుకుంది. మూడుసార్లు చెప్పాను, మూడోది పంపుతున్నాను. "చిన్నీ" అని పిలిచే గొంతు మా అమ్మాయిది.

ఖరగ్‌పూర్ శ్రీను · శుక్రవారం, రాత్రి 11:10

శబ్దభేది పంపిన ముక్క విన్నాను. మా ఇంట్లో ముగ్గురం, పడక మీద అడ్డదిడ్డంగా. గ్లాసు చప్పుడు దగ్గర మా నాన్న కుడివైపు చూశాడు. కథలో వంటిల్లు ఎడమవైపని అప్పటికే చెప్పేశారు కదా!

ఒక్క సూచన. మొదటి పిలుపు ఇంకా మామూలుగా ఉండాలి. కూరగాయల బండి వచ్చింది, రా అన్నట్టు.

ఓరుగల్లు_విను · శనివారం, ఉదయం 7:40

నాదీ అదే అభిప్రాయం. రెండో పిలుపు తర్వాత వదిలిన ఖాళీ బాగుంది, కానీ కొద్దిగా పెంచండి. ఇప్పుడు నాలుగు సెకన్లుంది. ఏడు చేయండి.

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 12:30

ఊరొచ్చాను. ఏడు సెకన్ల వెర్షన్ సాయంత్రం అందింది. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది, అందరం వరండాలో మంచాలు వేసుకున్నాం. అమ్మమ్మకు ఎనభై రెండు. వినికిడి ఒక చెవికే. "ఒక కథ వింటావా?" అని ఫోన్ ఆమె దిండు పక్కన పెట్టాను, స్పీకర్‌లో.

మాస్టారి గొంతు మొదలైంది. అమ్మమ్మకు ఫోన్ అన్న సంగతి మొదటి నిమిషంలోనే మర్చిపోయినట్టుంది. ప్రతి వాక్యం చివరా ఊ కొడుతోంది. పెరడు, ఊ. గిలక బావి, ఊ. అమ్మ పక్క ఊరు వెళ్ళింది, ఊ. మాస్టారు కూడా ఆమె కోసమే ఆగుతున్నట్టు ఆ ఊ సరిగ్గా సందుల్లో పడుతోంది. నేను కదలకుండా పడుకున్నాను.

మొదటి పిలుపు వచ్చింది. చిన్నీ. ఊ లేదు, అమ్మమ్మ వింటోంది. చీకట్లో ఆమె గాజులు ఒకసారి కదిలాయి. గ్లాసు చప్పుడు. రెండో పిలుపు. చిన్నీ. తర్వాత ఆ ఏడు సెకన్లు.

ఆ ఖాళీలో అమ్మమ్మ, అలవాటుగా, "ఊ" అంది.

అని, మంచం మీద లేచి కూర్చుంది. నా చెయ్యి వెతికి పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "ఎన్నోసారి రా అది?" అని అడిగింది.